1946లో రిటైరైన తపాలా ఉద్యోగి కుటుంబ పింఛను: వితంతువైన కూతురికి వర్తిస్తుందా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మాది ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మా మేనత్త తరఫున ఈ ప్రశ్న అడుగుతున్నాను. కొంచెం పొడవుగా ఉన్నా ఓపికగా చదివి, పింఛను వ్యవహారాలు తెలిసిన పెద్దలు దారి చూపించవలసిందిగా కోరుతున్నాను.

మా తాతగారు 1912లో తపాలా శాఖలో గుమాస్తాగా చేరారు. అప్పటికి మా ఊరు మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాలో ఉండేది. ఆయన టెక్కలిలో, ఇచ్ఛాపురంలో, బరంపురంలో పనిచేసి, 55 ఏళ్లు నిండాక 1946లో ఈ ఊరి పోస్టాఫీసులోనే పదవీ విరమణ చేశారు. బతికి ఉన్నన్నాళ్లూ నెలనెలా పింఛను అందుకున్నారు. 1957లో ఆయన పోయారు. మరుసటి నెల నుంచి మా నాయనమ్మకు ఒక్క పైసా రాలేదు. అప్పడాలు ఒత్తి, నలుగురి ఇళ్లలో పిండివంటలు చేసి ఆవిడ సంసారం ఈదుకొచ్చింది. చివరికి 1986లో, ఎవరూ ఎదురుచూడని సమయంలో, ఆవిడకు కుటుంబ పింఛను మంజూరైనట్టు కాగితం వచ్చింది. దానితోపాటు కొన్నేళ్ల బకాయి కూడా కలిపి ఇచ్చారు. ఆ డబ్బుతో పెరట్లో పూడిపోయిన నూతిని తవ్వించింది. ఆ నీళ్లే మేము ఇప్పటికీ వాడుకుంటున్నాం. నాయనమ్మ 1994లో కాలం చేసింది.

మా మేనత్త వాళ్లందరిలోకీ ఆఖరిది, 1941లో పుట్టింది. ఆవిడ భర్త ఒక ప్రైవేటు ధాన్యం మిల్లులో లెక్కలు రాసేవారు. 1983లో ఆయన పోయాక, పిల్లలు లేరు కనుక, పుట్టింటికి వచ్చేసి తల్లి దగ్గరే ఉండిపోయింది. నాయనమ్మ పింఛనుకు వెళ్లిన ప్రతిసారీ వెంట వెళ్లింది అత్తే. పనిచేసి పనిచేసి నాయనమ్మ బొటనవేలి గీతలు అరిగిపోవడం వల్ల కాగితం మీద ముద్ర సరిగ్గా పడేది కాదు. అందుకని ముందురోజు రాత్రి అత్త ఆ వేలికి కొబ్బరినూనె రాసి, పొద్దున్నే గోరువెచ్చటి నీళ్లతో కడిగి, పొడిగుడ్డతో అద్ది, రిక్షాలో తీసుకువెళ్లేది. నాకు అప్పుడు పద్దెనిమిది, ఇరవై ఏళ్లు. ఆ దృశ్యం ఇంకా కళ్లకు కట్టినట్టు ఉంది.

వితంతువులైన కూతుళ్లకు కూడా కుటుంబ పింఛను వస్తుందని ఈమధ్య ఎవరో చెబితే, ఒక కార్యాలయానికి వెళ్లి అడిగాం. అక్కడివారు మూడు మాటలు చెప్పి పంపించేశారు. పెళ్లయి వెళ్లిపోయిన కూతురికి తండ్రి పింఛనుతో సంబంధం లేదన్నారు. తాతగారి సర్వీసు చాలాభాగం ఒరిస్సా రాష్ట్రం ఏర్పడిన 1936కు ముందుది కాబట్టి మద్రాసు వెళ్లి అడగమన్నారు. అత్తకు మధుబాబు పింఛను (ఒడిశా ప్రభుత్వం ఇచ్చే సామాజిక పింఛను) వస్తోంది కదా, అదే వితంతు పింఛను, ఒక మనిషికి రెండు ఎలా ఇస్తారన్నారు. ఎనభై దాటిన మనిషి ఆ బల్ల ముందు నిలబడి ఈ మాటలు విని, మారు మాట్లాడకుండా తిరిగి వచ్చింది.

నేను తెలుసుకోవాలనుకుంటున్నవి రెండు. నాయనమ్మకు 1957 నుంచి అన్నేళ్లపాటు పింఛను ఎందుకు రాలేదు, మళ్లీ ఎందుకు వచ్చింది? ఆ పింఛను ఇప్పుడు మా మేనత్తకు వచ్చే అవకాశం నిజంగా ఉందా?


మొదటి జవాబు (బరంపురం నుంచి, తపాలా లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైన ఉద్యోగి)

మీరు రాసిన వివరాలన్నీ సరైనవే అయితే మీ మేనత్తగారు కుటుంబ పింఛనుకు అర్హులు. ఈ మాట ముందే చెబుతున్నాను, ఎందుకంటే ఆ వయసులో ఉన్నవారి విషయంలో ఒక నెల ఆలస్యమైనా నష్టమే. కారణాలు కిందికి వస్తూ వివరిస్తాను.

మద్రాసు వెళ్లమన్న మాటను మొదట పక్కన పెట్టండి. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు మన ప్రాంతపు రెవెన్యూ, పోలీసు, విద్యాశాఖల ఉద్యోగులు మద్రాసు ప్రభుత్వం చేతిలోంచి ఒరిస్సా ప్రభుత్వం చేతిలోకి వచ్చారు. తపాలా శాఖ ఉద్యోగులకు అటువంటి మార్పేమీ లేదు. ఆ శాఖ అప్పుడూ భారత ప్రభుత్వానిదే, ఇప్పుడూ భారత ప్రభుత్వానిదే. ఊరు ఏ రాష్ట్రంలోకి వెళ్లినా మీ తాతగారి యజమాని మారలేదు, కాబట్టి ఆయన కుటుంబానికి వర్తించేవి కేంద్ర ప్రభుత్వ పింఛను నిబంధనలే.

ఇక మీ నాయనమ్మగారి సంగతి. బ్రిటిష్ ప్రభుత్వ కాలంలో మామూలు ఉద్యోగి పింఛను సివిల్ సర్వీస్ రెగ్యులేషన్ల ప్రకారం నడిచేది. ఆ నిబంధనల్లో పింఛను అంటే ఉద్యోగి ఊపిరి ఉన్నంతవరకే. ఆయనతోపాటే అదీ పోయేది. విధి నిర్వహణలో దెబ్బ తగిలి చనిపోయినవారి కుటుంబాలకు మాత్రం అసాధారణ పింఛను అని వేరే ఏర్పాటు ఉండేది. ముప్పై ఏళ్లు కుర్చీలో కూర్చుని ఉత్తరాలు, మనీఆర్డర్లు చూసుకుని, రిటైరై, ఇంట్లో మంచం మీద కన్నుమూసిన గుమాస్తా భార్యకు ఆ రెగ్యులేషన్లలో చోటు లేదు. మన పెద్దలు పింఛనును ‘ఉపకార వేతనం’ అనేవారు. ఆ మాటకు తగ్గట్టే, అది దొరవారు దయతలచి ఇచ్చేది, ఇవ్వకపోతే అడగడానికి లేదు అన్న భావం పాలనలో పాతుకుపోయి ఉండేది.

అయితే వితంతువులకు పింఛను అన్న ఆలోచనే ఆ ప్రభుత్వానికి లేదనుకోకండి. ఐసీఎస్ అధికారుల భార్యలకు, సైన్యంలోని బ్రిటిష్ అధికారుల భార్యాబిడ్డలకు, ఇతర ఉన్నతోద్యోగుల కుటుంబాలకు వేరువేరు నిధులు ఉండేవి. అధికారి జీతంలోంచి చందా మినహాయించుకుని, ఆయన పోయాక కుటుంబానికి పింఛను ఇచ్చేవారు. దేశం వదిలి వెళ్లేటప్పుడు కూడా వాళ్లు ఆ హామీని కాగితం మీద పెట్టించుకునే వెళ్లారు. 1948 జూలైలో స్టెర్లింగ్ నిల్వల (బ్రిటన్‌లో పౌండ్లలో మన దేశానికి ఉన్న డబ్బు) మీద జరిగిన ఒప్పందంలో, పౌండ్లలో చెల్లించవలసిన పింఛన్ల కోసం మన దేశం సుమారు 16.8 కోట్ల పౌండ్లు, అంటే అప్పటి లెక్కలో 224 కోట్ల రూపాయలు, బ్రిటన్‌లో ఉన్న మన నిల్వలోంచే కట్టింది. మీ తాతగారు రిటైరైన రెండేళ్లకు జరిగిన సంగతి ఇది. ఇంగ్లండులో స్థిరపడిన దొరల పింఛన్లకు అంత పకడ్బందీ ఏర్పాటు జరిగింది. అదే ప్రభుత్వానికి 34 ఏళ్లు పనిచేసిన మీ తాతగారు పోయాక, ఆయన భార్య అప్పడాలు ఒత్తుకోవలసి వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా పింఛను లెక్కల మధ్య బతికినవాణ్ణి. ఈ తేడా తలచుకున్నప్పుడల్లా నాకు బాధగానే ఉంటుంది.

మన చిన్న ఉద్యోగులకు మిగిలింది సొంత పొదుపే. కలకత్తాలో ఈశ్వరచంద్ర విద్యాసాగర్ 1872లో హిందూ ఫ్యామిలీ యాన్యుటీ ఫండ్ పెట్టించారు. నెలనెలా చందా కట్టినవారి వితంతువులకు అందులోంచి వార్షికం అందేది. తపాలా శాఖ 1884 ఫిబ్రవరి 1న తన ఉద్యోగుల కోసం జీవిత బీమా ప్రారంభించింది. ఇప్పటి పోస్టల్ లైఫ్ ఇన్సూరెన్స్ అదే. మీ తాతగారి కాగితాల్లో బీమా రసీదులేమైనా కనిపిస్తే అవి దానివే అయి ఉంటాయి. వాటిని పింఛను కాగితాలతో కలపకండి, రెండింటికీ సంబంధం లేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1950లో సరళీకృత పింఛను నిబంధనలు వచ్చాయి. వాటిలో కుటుంబ పింఛను మొదటిసారి కనిపించింది గానీ, అది కొద్ది సంవత్సరాల గడువు ఉన్నది. జీవితాంతం ఇచ్చే కుటుంబ పింఛను పథకం 1964 జనవరి 1 నుంచి అమలైంది, అదీ అప్పటికి సర్వీసులో ఉన్నవారికి, తరువాత చేరినవారికి మాత్రమే. 1946లోనే రిటైరైన మీ తాతగారి కుటుంబం దాని పరిధిలోకి రాలేదు. మీ నాయనమ్మగారి లాంటి వితంతువులు దేశమంతటా వేలమంది ఇలాగే గీతకు అవతల ఉండిపోయారు.

ఆ గీతను చెరిపినవి రెండు తీర్పులు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు, పింఛను యజమాని దయాభిక్ష కాదని, చేసిన సేవకు ఉద్యోగి సంపాదించుకున్న హక్కు అని చెప్పింది. దేశంలోని పింఛనుదారులు ఆ తేదీని ఇప్పటికీ పింఛనుదారుల దినంగా జరుపుకుంటారు. దాని వెలుగులోనే 1985 ఏప్రిల్‌లో పూనమల్ కేసు తీర్పు వచ్చింది. ఆ కేసు పెట్టినవారు మీ నాయనమ్మగారి లాంటి వితంతువులే. 1964 పథకం పరిధిలోకి రాని పాత ఉద్యోగుల వితంతువులకు కూడా 1977 సెప్టెంబరు 22 నుంచి కుటుంబ పింఛను, బకాయిలతో సహా, ఇవ్వవలసి వచ్చింది ఆ కేసు వల్లనే. మీ ఇంటికి 1986లో వచ్చిన కాగితం, ఆ బకాయి, ఆ నుయ్యి అన్నీ దాని ఫలితమే. 1957 నుంచి 1977 దాకా గడిచిన ఇరవై ఏళ్లకు మాత్రం ఎవరూ ఏమీ ఇవ్వలేదు.

ఇప్పుడు మీ మేనత్తగారి విషయం. 25 ఏళ్లు దాటిన వితంతు, విడాకులు పొందిన కుమార్తెలకు కుటుంబ పింఛను ఇవ్వాలని 2004 ఆగస్టు 30న కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. తల్లిదండ్రులు ఆ తేదీకి ముందే చనిపోయి ఉన్నా, మిగిలిన షరతులు నెరవేరితే, ఉత్తర్వు తేదీ నుంచి అర్హత ఉంటుందని 2011 ఏప్రిల్ 28న స్పష్టం చేసింది. 2013 సెప్టెంబరు 11 నాటి మరో వివరణ చాలా ముఖ్యమైనది: తల్లి గాని తండ్రి గాని బతికి ఉండగానే కూతురు వితంతువై ఉండాలి, వారి మీద ఆధారపడి ఉండాలి. మీ మేనత్తగారి భర్త పోయింది 1983లో, తల్లి పోయింది 1994లో. మధ్యలోని ఆ పదకొండేళ్లే మీ కేసుకు ప్రాణం. పెళ్లయి వెళ్లిపోయిన కూతురన్న అభ్యంతరం ఇక్కడ నిలవదు.

ఆవిడ సొంత ఆదాయం నెలకు కనీస కుటుంబ పింఛను, అంటే 9,000 రూపాయలు, దాని మీది కరువు భత్యం కలిపిన మొత్తాన్ని మించకూడదు. తహసీల్దారు ఇచ్చే ఆదాయ ధ్రువపత్రం తీసుకోండి. తల్లి దగ్గరే ఉందని చూపడానికి 1983 తరువాతి రేషన్ కార్డు, ఒకే ఇంటి నంబరు కింద ఇద్దరి పేర్లూ ఉన్న ఓటర్ల జాబితా పనికొస్తాయి. తాతగారి, నాయనమ్మగారి, మామయ్యగారి మరణ ధ్రువపత్రాలు కావాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది మీ నాయనమ్మగారి పింఛను చెల్లింపు ఉత్తర్వు. దాని మీది సంఖ్య ఒక్కటి దొరికితే పాత రిజిస్టరులో వెతకడం సులువు. వీటితో దరఖాస్తును, తాతగారు చివరగా పనిచేసిన పోస్టాఫీసు ఇప్పుడు ఏ డివిజన్ కింద ఉందో ఆ సూపరింటెండెంటుకు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. అక్కడి నుంచి అది కటక్‌లోని తపాలా లెక్కల డైరెక్టరు కార్యాలయానికి వెళుతుంది. మంజూరయ్యాక, ఆవిడకు 80 నిండాయి కాబట్టి, మూల పింఛను మీద అదనంగా 20 శాతం కూడా రావాలి.

మధుబాబు పింఛను ఒడిశా ప్రభుత్వ సామాజిక భద్రతా పథకం. కుటుంబ పింఛను తండ్రి చేసిన ఉద్యోగం వల్ల వచ్చేది. మొదటిది తీసుకుంటున్నారన్న కారణంతో రెండవదానికి దరఖాస్తు తీసుకోం అనడానికి వీల్లేదు. కుటుంబ పింఛను మంజూరైన నాడు ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేసి మధుబాబు పింఛను ఆపించుకోండి, లేకపోతే తరువాత రికవరీ అని మొదలుపెడతారు.


రెండవ జవాబు (కోరాపుట్ జిల్లా జయపురం నుంచి, ఖజానా శాఖ విశ్రాంత ఉద్యోగి)

పైన చెప్పిన వివరాలు చక్కగా ఉన్నాయి. ఈ చర్చ చదివి తమ తాతముత్తాతల కాగితాలు బయటికి తీసే మన ప్రాంతంవాళ్లకు ఒక జాగ్రత్త చెప్పాలని రాస్తున్నాను.

మన వైపు ‘సర్కారు ఉద్యోగం’ అన్న మాటను పెద్దలు చాలా విశాలమైన అర్థంలో వాడేవారు. జయపురం సంస్థానంలో అమీనుగా చేసినవారిని, పర్లాకిమిడి రాజావారి కచేరీలో గుమాస్తాగా చేసినవారిని, నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో రాజావారు వేయించిన చిన్న రైలులో పనిచేసినవారిని కూడా సర్కారు ఉద్యోగులనే అన్నారు. కానీ వారికి జీతమిచ్చింది జమీందారీయే, ప్రభుత్వం కాదు. గ్రామ కరణాల సంగతి మరోలా ఉంటుంది. వారి మిరాసీ హక్కులకు 1894, 1895 నాటి మద్రాసు చట్టాలు వేరుగా ఉండేవి. పదవి వంశపారంపర్యంగా సాగేది గానీ, దానికి పింఛను లేదు. నేను ఖజానాలో ఉన్నప్పుడు, సంస్థానం ముద్ర ఉన్న నియామక పత్రాలు పట్టుకుని కొండదారుల్లో బస్సులు మారి వచ్చిన ముసలమ్మలను చూశాను. వాళ్లకు లేదని చెప్పడం మనసుకు చాలా కష్టంగా ఉండేది. కాబట్టి కాగితం తీయగానే దాని మీద ముద్ర ఎవరిదో, జీతం ఏ ఖజానా నుంచి వచ్చిందో ముందు చూసుకోండి. రాష్ట్ర ప్రభుత్వ శాఖల్లో పనిచేసినవారికి ఒడిశా ప్రభుత్వ పింఛను నిబంధనలు వర్తిస్తాయి. పైన చెప్పిన కేంద్ర ఉత్తర్వుల తేదీలను యథాతథంగా వారికి అన్వయించుకోకూడదు.

మరొక సంగతి. బ్రిటిష్ వారు చేసిన 1871 నాటి పింఛన్ల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. అందులో ఒక నిబంధన పింఛను తగాదాలను సివిల్ కోర్టు విచారించకుండా అడ్డుకుంటుంది. కలెక్టరు ఇచ్చే ధ్రువపత్రం లేనిదే అక్కడ దావా నడవదు. ఆ రోజుల్లో వితంతువులు న్యాయస్థానం గడప తొక్కలేకపోవడానికి ఇదొక పెద్ద కారణం. అదే చట్టంలో మేలు చేసే నిబంధనలు కూడా ఉన్నాయి. పింఛనును అప్పులవాళ్లు జప్తు చేయించలేరు. రాబోయే పింఛనును ముందుగానే ఎవరికైనా రాసిచ్చినా ఆ రాత చెల్లదు. అయినా వడ్డీ వ్యాపారి దగ్గర పింఛను పుస్తకం తాకట్టు పెట్టి, నెల మొదట్లో అతని మనిషిని వెంటబెట్టుకుని వచ్చిన వితంతువులను నేను కళ్లారా చూశాను. డబ్బు మా కౌంటరు దగ్గర ఆమె చేతిలో పడేది, గుమ్మం దాటేసరికి అతని చేతిలో ఉండేది. చట్టంలో రక్షణ ఉందని ఆమెకు చెప్పినవాళ్లు లేరు.

ఒకవేళ మీ దరఖాస్తును తిరస్కరిస్తే కటక్‌లోని కేంద్ర పరిపాలనా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. అయితే 2008లో తర్సేమ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం, ఆలస్యంగా వచ్చినవారికి బకాయిలను సాధారణంగా దరఖాస్తుకు ముందు మూడేళ్లకే పరిమితం చేస్తారు. అందుకే ఇంకొక్క నెల కూడా జాగు చేయకండి.


మూడవ జవాబు (గోపాలపురం నుంచి)

మా ఇంటి అనుభవం వేరు గానీ ఈ విషయానికి దగ్గరదే. మా తాతగారు బర్మా ప్రభుత్వ ప్రజాపనుల శాఖలో ఓవర్సీరు. గోపాలపురం రేవు నుంచి రంగూనుకు ఓడలు నడిచిన రోజుల్లో వెళ్లారు. 1937 ఏప్రిల్ 1న బర్మా భారతదేశం నుంచి విడిపోయినప్పుడు ఆయన అక్కడి ప్రభుత్వ ఉద్యోగిగానే కొనసాగారు. 1941 డిసెంబరు 23న రంగూను మీద బాంబులు పడ్డాక, అందరిలాగే కట్టుబట్టలతో నడిచి వచ్చారు. సర్వీసు పుస్తకం అక్కడే ఉండిపోయింది. ఆయన పోయాక మా మామ్మ పింఛను సంపాదించడానికి, తాతగారితో పనిచేసి తిరిగి వచ్చిన ఇద్దరు ఉద్యోగుల చేత ప్రమాణ పత్రాలు రాయించవలసి వచ్చింది. వారిలో ఒకరి కోసం మా నాన్నగారు విశాఖపట్నం దాకా వెళ్లి, మూడు రోజులు వీధి వీధీ తిరిగి పట్టుకున్నారు.

ఇటువంటి వారు ఇంకా ఎక్కడైనా ఉంటే వారి కోసం చెబుతున్నాను. బర్మా పౌర పింఛనుదారులు, వారి కుటుంబ పింఛనుదారులు అన్న వర్గం కేంద్ర నిబంధనల్లో ఇప్పటికీ ఉంది. పాకిస్తాన్ నుంచి వచ్చిన ప్రభుత్వ పింఛనుదారుల కుటుంబాలను కూడా అదే వరుసలో చేర్చారు. 2017 సెప్టెంబరు 11 నాటి ఉత్తర్వు ప్రకారం వారికి నెలకు 3,500 రూపాయల ప్రత్యేక భృతి ఉంది. ఏటా రెండుసార్లు వచ్చే కరువు భత్యం ఉత్తర్వుల్లో వారి ప్రస్తావన వేరుగా ఉంటుంది, ఆ 3,500 మీద కరువు భత్యం లెక్కగడతారు. మన గంజాం తీరం నుంచి అంతమంది వెళ్లిన దేశం కాబట్టి, ఆ ఒక్క వాక్యం మన వాళ్లకు తెలిసి ఉండాలి.


నాలుగవ జవాబు (రాయగడ నుంచి, జనసేవా కేంద్రం నడుపుతున్న వ్యక్తి)

పెద్దలు చట్టం సంగతి చెప్పారు. నేను రోజూ కళ్లముందు చూసే చిక్కు ఒకటి చెబుతాను: పేర్లు.

మన తెలుగువాళ్లకు ఇంటిపేరు ముందు ఉంటుంది. ఒడియా రికార్డుల్లో దాన్ని చివరికి తీసుకువెళతారు. బ్రిటిష్ కాలం నాటి ఇంగ్లీషు కాగితాల్లో ఒక అక్షరంగా కుదించి ఉంటుంది. ‘అప్పలనరసమ్మ’ అన్న పేరు ఓటర్ల జాబితాలో ‘ఆపల నర్సమా’ అయ్యి, ఆధార్‌లో మరో రకంగా ఉంటుంది. మూడు కాగితాల్లో మూడు పేర్లు కనబడితే కార్యాలయంలో ముగ్గురు మనుషులని అనుమానిస్తారు. అందుకని దరఖాస్తుకు ముందే, ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివని అన్ని రూపాలనూ వరుసగా రాసి అఫిడవిట్ చేయించండి. తల్లి పేరుకు ఒకటి, కూతురి పేరుకు ఒకటి వేరువేరుగా ఉంటే మంచిది. వారసత్వ ధ్రువపత్రం తహసీల్దారు కార్యాలయంలో తీసుకునేటప్పుడు కూడా పింఛను పత్రంలో ఉన్న పేరునే మొదట రాయించండి.

పుట్టిన తేదీ కూడా చూసుకోండి. పెద్దవాళ్లకు చాలామందికి ఆధార్‌లో జనవరి 1 అని ఉంటుంది. అదనపు పింఛను వయసు మీద ఆధారపడి ఉంటుంది కనుక సంవత్సరమైనా అన్ని కాగితాల్లో ఒకటే ఉండాలి.

పింఛను మొదలయ్యాక ఏటా జీవన ప్రమాణ పత్రం (బతికి ఉన్నట్టు ఇచ్చే ధ్రువపత్రం) ఇవ్వాలి. 80 దాటినవారు అక్టోబరు 1 నుంచే ఇవ్వవచ్చు. మీ నాయనమ్మగారి వేలిముద్ర సంగతి చదివి చాలాసేపు అలాగే ఉండిపోయాను, ఎందుకంటే మా కేంద్రానికి వచ్చే పెద్దవాళ్లలో చాలామందిది ఇదే బాధ. వేలు పెట్టి, తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టి, యంత్రం ఒప్పుకోకపోతే తప్పు తమదే అన్నట్టు మా ముఖంలోకి చూస్తారు. ఇప్పుడు ఫోన్ కెమెరాతో ముఖం చూపించి ఇచ్చే పద్ధతి వచ్చింది. మీ మేనత్తగారిని ఎక్కడికీ తిప్పనవసరం లేదు, ఇంట్లో వెలుతురు ఉన్న చోట కూర్చోబెడితే చాలు.


ప్రశ్న అడిగినవారు

అందరికీ పేరుపేరునా నమస్కారాలు. మీ జవాబులన్నీ అత్తకు చదివి వినిపించాను. ఖజానా ఉద్యోగి గారు రాసిన వడ్డీ వ్యాపారి సంగతి వచ్చేసరికి ఆవిడ ఆపమని, మా నాయనమ్మ పుస్తకం ఎప్పుడూ ఎవరి చేతికీ ఇవ్వలేదని, కరువులో కూడా ఇవ్వలేదని చెప్పింది. తరువాత లేచి, అటక మీది ట్రంకుపెట్టె దింపమంది.

పింఛను చెల్లింపు ఉత్తర్వు దొరికింది. పసుపు గుడ్డలో చుట్టి, పైన సన్నని దారం కట్టి ఉంది. మడతల దగ్గర చిరిగింది గానీ సంఖ్య స్పష్టంగా ఉంది. మొదటి పేజీలో ‘1977 సెప్టెంబరు 22 నుంచి’ అని ఎర్రసిరాతో రాసి ఉంది. మీరు చెప్పిన తేదీ అదే. వెనక పేజీల్లో నెలనెలా చెల్లింపు గళ్లు, పక్కన పోస్టాఫీసు గుండ్రటి ముద్ర, దాని పక్కన నాయనమ్మ వేలిముద్ర. మొదటి పేజీల్లో అవి నల్లటి మరకల్లా ఉన్నాయి. కొన్ని నెలల తరువాత గీతలు తేటగా కనిపించడం మొదలైంది. కొబ్బరినూనె రాయడం తాను అక్కడి నుంచి మొదలుపెట్టానని అత్త వేలుపెట్టి చూపించింది. ఆఖరి ముద్ర 1994 ఫిబ్రవరిది.

1988 నాటి రేషన్ కార్డు కూడా అందులోనే ఉంది, ఇద్దరి పేర్లూ వరుసగా ఉన్నాయి. అఫిడవిట్లు రేపు చేయిస్తాను. సోమవారం దరఖాస్తు ఇస్తాం. ఒక్క సందేహం మిగిలింది. అసలు పుస్తకాన్ని కార్యాలయంలో ఇచ్చేయాలా? అది చేజారితే మళ్లీ దొరకదని, వాళ్లమ్మ వేలిముద్రలు అందులో తప్ప ఇంకెక్కడా లేవని అత్త పట్టుబడుతోంది.


మొదటి జవాబు ఇచ్చినవారు

ఇవ్వవద్దు. అన్ని పేజీల నకళ్లు తీసి, ప్రతి నకలు మీద మీ మేనత్తగారి చేత సంతకం చేయించి దరఖాస్తుకు జతచేయండి. అసలు పుస్తకం పరిశీలనకు చూపిస్తామని దరఖాస్తులోనే ఒక వాక్యం రాయండి. పిలిచినప్పుడు మీరే తీసుకువెళ్లి, వాళ్ల ఎదుట పోల్చి చూపించి, మీరే వెనక్కి తెచ్చుకోండి. సంఖ్యను మాత్రం ఇక్కడ బహిరంగంగా పెట్టకండి.